అటక మీది తెల్లదుమ్ము

చెప్పేయాలని ఒర్నెల్లా నిశ్చయించుకున్న చోట పోయిన వారం ఆగాం. నిశ్చయాలకి ఆమె దగ్గర ఎప్పుడూ కరువు లేదు. రెండు నెలలుగా వారానికోసారి నిశ్చయించుకుంటూనే ఉంది. ఈసారి మాత్రం మాట పైకి అనేసింది. చనిపోయిన భర్త ఫౌస్తోకి అన్నగారైన ప్రీమో వంటింట్లో నిలబడి, "సోమవారం సంతకాలకి ముందే, ఇల్లు కొంటున్న ఆ పిల్లలిద్దరికీ చెప్పేస్తాను బావగారూ. మీరు ఒప్పుకున్నా అంతే, ఒప్పుకోకపోయినా అంతే" అని, ఆయన పోసిన కాఫీ ముట్టకుండా బయటికొచ్చేసింది. శుక్రవారం సాయంత్రం జరిగిందది.

చెప్పాల్సిన సంగతి ఆ ఊళ్లో నలభై దాటినవాళ్లందరికీ తెలుసు. పో అనే నది ఒడ్డున సిమెంటు రేకులూ గొట్టాలూ చేసే ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. మూతపడి ఇరవై ఏళ్లయింది. అది నడిచిన కాలంలో గొట్టాల అంచులు చెక్కగా రాలిన ఆస్బెస్టాస్ పొట్టుని పనివాళ్లకి ఊరికే ఇచ్చేవారు. ఎంత కావాలంటే అంత, బండి తెచ్చుకుని పట్టుకుపొమ్మనేవారు. ఊరికే వచ్చేదాన్ని వద్దనే మనుషులు కారు అక్కడివాళ్లు. వానకి బురద కాకుండా వాకిట్లో పోసుకున్నారు. ఆదివారాలు బంతులాడుకునే మైదానాల్లో చదును చేసుకున్నారు. చలికాలం వెచ్చదనం పైకి పోకుండా అటకల మీద పరుచుకున్నారు. ఒర్నెల్లా మామగారు పదకొండు బండ్లు తోలించి, అటక నిండా జానెడు మందాన పరిచి, పైన పల్చగా సిమెంటు పూయించాడు. ఊళ్లో మా ఇంటంత వెచ్చనిల్లు లేదని చచ్చేదాకా చెప్పుకున్నాడు.

ఆ అటక కింది గదిలో ఇద్దరు కొడుకులూ పెరిగారు. ప్రీమో ఫ్యాక్టరీలో పదకొండేళ్లు పనిచేశాడు. ఇప్పుడు అరవై ఏడేళ్లు, దుక్కలా ఉన్నాడు. ఫౌస్తో ఫ్యాక్టరీ గడప తొక్కలేదు, పిల్లలకి లెక్కలు చెప్పుకున్నాడు. ఊపిరితిత్తుల పొరకి పుట్టే కేన్సర్ ఫౌస్తోనే వెతుక్కుంటూ వచ్చింది. యాభై నాలుగేళ్లకి పోయాడు. రెండేళ్లయింది.

ఇప్పుడు ఖాళీగా ఉన్న ఆ ఇల్లు సగం ఆమెది, సగం ప్రీమోది. అమ్మి, తన వాటా పుచ్చుకుని సముద్రం పక్కన సవోనాలో ఉన్న చెల్లెలి దగ్గరికి పోవాలని ఒర్నెల్లా కోరిక. అటక సంగతి మున్సిపాలిటీకి చెబితే ఇంటికి సీలు వేస్తారు. తెల్ల ముసుగుల మనుషులొచ్చి శుభ్రం చేసేదాకా ఆ ఇల్లు కొనడానికి లేదు, అమ్మడానికి లేదు. వాళ్లు రావడానికి నాలుగేళ్ల వరస ఉంది. అందుకని ఎవరూ చెప్పరు. ఊరివాళ్లు ఇల్లు కొనాలంటే ముందు అటక ఎక్కి చూస్తారు. బయటివాళ్లు వంటిల్లు చూస్తారు. రొమేనియా నుంచి వచ్చిన తాపీమేస్త్రీ విర్జిల్, అతని భార్య డోయినా వంటిల్లు చూసి ముచ్చటపడ్డారు.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఒర్నెల్లా చర్చి మెట్లు దిగి, ఎవరితోనూ మాట కలపకుండా, తిన్నగా ఆ ఇంటికే నడిచింది. పక్క వీధిలో ఒకే గదిలో అద్దెకుంటున్న విర్జిల్ దంపతుల్ని అక్కడికి రమ్మని కబురు పెట్టింది. ముందు తను వెళ్లి కిటికీలు తెరిచి, కాఫీ పెట్టి, వాళ్లని కూర్చోబెట్టి చెబుదామని ఆలోచన. ఏ మాట తర్వాత ఏ మాటో రాత్రంతా వరసగా పేర్చుకుంది కూడా.

వీధి గేటు బార్లా తెరిచి ఉంది.

గేటు దాటి వాకిట్లోకి రాగానే పై వసారాలో దబదబమని చప్పుడు వినిపించింది. డోయినా పిట్టగోడ మీద మొగుడి పని చొక్కా వేసి చీపురు వెనక్కి తిప్పి బాదుతోంది. ఏడో నెల కడుపు గోడకి తగలకుండా కాస్త పక్కకి ఒరిగి, ఒక్కో దెబ్బకీ ముఖం తిప్పుకుంటోంది. దెబ్బ దెబ్బకీ తెల్లటి మబ్బు లేచి, ఎండలో మెరుస్తూ, ఆమె జుట్టు మీదా భుజాల మీదా నింపాదిగా వాలుతోంది.

"ఆపు! ఆపవే అమ్మాయ్! కింద పడెయ్ దాన్ని!"

ఆ కేక తనదేనా అని ఒర్నెల్లాకే అనుమానం వచ్చింది. ముప్పై ఏళ్ల కిందట ఈ వసారాలోనే, ఈ పిట్టగోడ మీదే, ఆమె అత్తగారు శనివారం శనివారం ఫ్యాక్టరీ బట్టలిలాగే దులిపేది. ఫ్యాక్టరీ మొహం చూడని ఆ అత్తగారూ అలాగే పోయింది.

"ఏమైందమ్మా?" డోయినా చొక్కా వాకిట్లోకి జారవిడిచి, నవ్వుతూ దిగి వచ్చింది. "మంచి చొక్కా కాదులెండి. దులపకుండా నీళ్లలో వేస్తే ముద్దకట్టి చస్తోంది ఈ దుమ్ము. నిన్న ఒక జత అలాగే పాడు చేశాను."

"నిన్నా?"

"నిన్న పొద్దున్నే మొదలెట్టాడు కదా మా మేస్త్రీ. మాట వింటాడా? ఆదివారం పని చేస్తే దేవుడు కొడతాడ్రా అంటే, దేవుడికి ఇల్లుంది, మనకి లేదు అంటాడు."

"తాళాలెవరిచ్చారు మీకు?"

"మీ బావగారే! శుక్రవారం రాత్రి భోజనాల వేళ మా గదికొచ్చి ఇచ్చివెళ్లారు. సంతకాలెలాగూ సోమవారమే కదా, బిడ్డ పుట్టేలోపు అటక మీద గది కావాలి కదా, మొదలెట్టుకోండి అన్నారు. ఎంత మంచాయనండీ."

మంచాయనే మరి. ఒర్నెల్లా కాఫీ తాగకుండా వెళ్లిపోయిన గంటలోపే ఆయన గారు కోటు తొడుక్కుని, తాళంగుత్తి జేబులో వేసుకుని బయల్దేరాడన్నమాట. నువ్వేం చెబుతావో చెప్పుకో, చెప్పేసరికి చెప్పడానికేమీ మిగలదు అనుకునుంటాడు. పేకాటలో కూడా ఆయన అంతే. అవతలివాడు ముక్క పట్టుకుని ఆలోచిస్తుంటే ఆట ముగించేస్తాడు.

లోపల మెట్ల మీద బూట్ల చప్పుడైంది. విర్జిల్ దిగి వచ్చాడు. కనుబొమ్మలు తెలుపు, మీసాలు తెలుపు, చెవుల ముడతల్లో తెలుపు. పిండిమరలోంచి వచ్చినవాడిలా ఉన్నాడు. ముప్పై రెండేళ్లవాడు.

"చూశారా అమ్మా, రెండు రోజుల్లో ముసలాణ్ణయిపోయాను! పైన సిమెంటు అప్పడంలా ఉంది, సుత్తి తగిలితే చాలు పటపటా విరిగింది. కింద ఏదో పాత పొట్టు. అబ్బ, ఎంత పోశారండీ! ఇరవై బస్తాలకెత్తాను, ఇంకా సగం ఉంది. రండి, పైకి రండి, కిటికీ ఎక్కడ పెడుతున్నానో చూపిస్తాను. పొద్దున్నే బిడ్డ మొహాన ఎండ పడుతుంది."

"నోటికి గుడ్డ కట్టుకున్నావా?"

"మొదట్లో కట్టుకున్నా. ఊపిరాడలేదు, తీసేశా."

"నువ్వూ ఎత్తావా?" ఒర్నెల్లా డోయినావైపు తిరిగింది.

"బస్తా మూతి పట్టుకున్నానంతే. పార వాడిది."

ఒర్నెల్లా పేర్చుకున్న మాటలన్నీ చెదిరిపోయాయి. మెట్టు మీద కూలబడింది. వాళ్లిద్దరూ కంగారుపడి నీళ్లు తెచ్చిచ్చారు. ఆ గ్లాసు అంచుకీ తెల్లగా అంటుకుని ఉంది. పక్కన పెట్టేసింది.

చెప్పింది. ఒక వరసా క్రమం లేకుండా చెప్పింది. అది పొట్టు కాదు, ఆస్బెస్టాస్. ఊపిరిలో కంటికి కనపడని ముళ్లలా దిగుతుంది, దిగితే ఇక బయటికి రాదు. సిమెంటు కింద కదలకుండా ఉన్నన్నాళ్లూ పడుకుని ఉంటుంది. నువ్వు నిన్న లేపావు నాయనా. ముందే చెప్పాల్సింది, నాదే తప్పు. రెండు నెలలుగా చెబుదామనుకుంటూనే ఉన్నాను. మీరిచ్చిన బయానా మీకు తిరిగి ఇచ్చేస్తాను, బట్టలు ఇక్కడే వదిలేసి వెళ్లిపోండి. ఒళ్లు కడుక్కోండి, జుట్టు కడుక్కోండి.

విర్జిల్ అరచేతులు తిప్పి చూసుకున్నాడు. "రేకుల్లో ఉంటుందని తెలుసు. రేకు కోసేటప్పుడు జాగ్రత్త అని మేస్త్రీలు చెబుతారు. ఇలా విడిగా, బస్తాలకి బస్తాలు, ఇంట్లో... ఎవరు పోసుకుంటారమ్మా ఇంట్లో?"

"మేం పోసుకున్నాం. ఊరంతా పోసుకుంది."

"ఎన్నాళ్లకొస్తుంది జబ్బు?" డోయినా అడిగింది.

"ముప్పై ఏళ్లు. నలభై కూడా పట్టొచ్చు. అందరికీ రాదు. ఎవరికొస్తుందో ఎవరూ చెప్పలేరు."

విర్జిల్ పక్కున నవ్వేశాడు. బలవంతపు నవ్వు కాదు, నిజంగానే బరువు దిగినవాడి నవ్వు. "నలభై ఏళ్లా! అమ్మా, నేను నాలుగో అంతస్తు పరంజా మీద తాడు లేకుండా నిలబడేవాణ్ణి. వచ్చే నలభై రోజులకే నాకు పూచీ ఇచ్చేవాడు లేడు. ఇంకా రేపే చస్తావంటారేమోనని హడలిపోయాను!"

"నవ్వకు రా," అంది డోయినా. చెయ్యి కడుపు మీదకి పోయింది. "బిడ్డకేమైనా అవుతుందా?"

"ఇప్పుడేమీ కాదమ్మా." ఒర్నెల్లాకి తెలిసిన నిజం అదే. ఆ బిడ్డ ఆ అటక గదిలో పడుకుంటే తర్వాత ఏమవుతుందన్నది ఇంకో నిజం. అది నోట్లోనే ఉండిపోయింది.

"సరే, ఇప్పుడు నేను చెప్పేది వినండి," అన్నాడు విర్జిల్. నవ్వు పోయింది. మెట్ల ముందు గొంతుక్కూర్చున్నాడు. "మీరు ఇల్లు వెనక్కి తీసుకుంటే మేం ఎక్కడికి పోవాలి? గది ఖాళీ చేస్తామని చెప్పేశాం, ఒకటో తారీఖు నుంచి వేరేవాళ్లకి ఇచ్చేశాడు. బ్యాంకు వాళ్లు ఎనిమిది నెలలు తిప్పుకుని అప్పు ఇచ్చారు. మళ్లీ ఇవ్వరు. ఇంటి కాగితం చూపిస్తేనే ఈ దేశంలో ఉండటానికి మాకు అనుమతి పొడిగిస్తారు. జూన్‌లో అయిపోతోంది. రేపు నోటరీ ముందు మీరు ఈ మాట అన్నారంటే బ్యాంకాయన అక్కడే లేచిపోతాడు. మున్సిపాలిటీ తాళం వేస్తుంది. అవునా కాదా?"

"అవును."

"మరి అనకండి. మీరు చెప్పారు, మేం విన్నాం. మీ బాధ్యత తీరిపోయింది. మిగిలింది నేను తడిపి తడిపి ఎత్తేస్తాను. నేను మేస్త్రీనమ్మా, పని తెలిసినవాణ్ణి. రేపు ఆయన చదివినదానికి అవునని తలూపండి, చాలు. మీ కాళ్లు పట్టుకుంటాను."

నిజంగానే వంగబోయాడు. ఒర్నెల్లా వెనక్కి జరిగింది. ఇల్లు అమ్మేవాళ్లు దాచిపెడతారు, కొనేవాళ్లు నిలదీస్తారు. ఎక్కడైనా అంతే కదా. ఇక్కడ కొనేవాడే దాచమని కాళ్లు పట్టుకుంటుంటే ఎటు చూడాలో ఆమెకి తెలియలేదు. ఆ ఊళ్లో ఇరవై ఏళ్లుగా ఎవరెవరు ఎలా నోరు మూసుకున్నారో అప్పుడు ఆమెకి అర్థమైంది. ఎవరూ రాక్షసులు కారు. ప్రతివాడికీ ఒక జూన్ నెల ఉండే ఉంటుంది.

డోయినా మాత్రం నేల మీద పడిన చొక్కానే చూస్తూ నిలబడింది. తర్వాత ఒర్నెల్లా వైపు తిరిగి అడిగింది.

"మీ ఆయన ఈ ఇంట్లోనే పుట్టి పెరిగారన్నారు కదా, మొదటిసారి వచ్చినప్పుడు. ఆ కింది గది ఆయనదేనన్నారు. ఆయన దేనితో పోయారమ్మా?"

ఇప్పుడు చెప్పాలి. ఇంతసేపూ చెప్పిందంతా ఒకెత్తు, ఈ ఒక్కటీ ఒకెత్తు. విర్జిల్ మోకాళ్ల మీద కూర్చునే తలెత్తి చూస్తున్నాడు. ఆ పిల్ల జుట్టు నిండా తెల్లదుమ్ము. లోపలికి పోవాల్సింది పోయింది. ఇంకా భయపెట్టి ఏం లాభం? అలా అనుకుంది ఒర్నెల్లా. అనుకున్న మరుక్షణం సవోనా సముద్రం కళ్ల ముందు కదిలింది.

"గుండె," అంది. "గుండె ఆగి పోయారు."

డోయినా తలూపింది. వంగి చొక్కా తీయబోతే విర్జిల్ తీశాడు.

ఇంటికి వెళ్తూ ఒర్నెల్లాకి ఏడుపు రాలేదు. వచ్చుంటే బాగుండేది. రెండు నెలల బరువు దిగిపోయినట్టు ఒళ్లు తేలిగ్గా ఉంది, ఆ తేలిక చూసుకుంటే తన మీద తనకే అసహ్యం వేసింది. ఫౌస్తో ఆఖరి మూడు నెలలూ కూర్చునే నిద్రపోయాడు, పడుకుంటే ఊపిరి అందక. ఆ మనిషికి గుండెజబ్బు అంటగట్టి వచ్చింది.

సోమవారం పదిగంటలకి నోటరీ రవేరా గారి ఆఫీసులో అందరూ కూర్చున్నారు. పొడుగాటి బల్ల. ఒక పక్క ఒర్నెల్లా, ప్రీమో. ఎదురుగా విర్జిల్, డోయినా. చివర్న గడియారం చూసుకుంటూ బ్యాంకాయన. ప్రీమో పెళ్లిళ్లకి వేసుకునే సూటు వేసుకొచ్చాడు. మరదలి చెవి దగ్గర, "ఇప్పుడు నా మీద కోపం. సముద్రం ఒడ్డున కూర్చుని చేపలు తినేటప్పుడు దండం పెడతావులే" అన్నాడు. ఆమె తల తిప్పలేదు.

అక్కడి పద్ధతి ప్రకారం నోటరీ దస్తావేజు మొత్తం పైకి చదవాలి, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా. ఇరుపక్షాలూ విని, అవునంటేనే సంతకాలు. రవేరా గారు ముప్పై ఏళ్లుగా చదువుతున్నారు. గొంతు సన్నగా, ఒకే స్థాయిలో, నిద్రపుచ్చేలా సాగుతుంది. హద్దులు చదివారు. వైశాల్యం చదివారు. వాకిలి, బావి, అటక చదివారు.

"సదరు ఇంటిలో పైకి కనిపించని లోపములుగాని, నివసించువారికి హాని కలిగించునట్టివిగాని ఏవియూ లేవని అమ్మువారు ప్రమాణపూర్వకముగా తెలియజేయుచున్నారు." ఆగి కళ్లజోడు మీంచి చూశారు. "అంతేనా ప్రీమో గారూ?"

"అంతేనండి," అన్నాడు ప్రీమో, టైమెంతయిందని అడిగితే చెప్పినట్టు.

"ఒర్నెల్లా గారూ?"

విర్జిల్ బల్ల మీదికి వంగాడు.

"అవును," అంది ఒర్నెల్లా.

నోటరీ గారు పేజీ తిప్పబోయారు.

"ఒక్క మాట అడగొచ్చా?" అంది డోయినా.

విర్జిల్ వాళ్ల భాషలో గబగబా ఏదో గొణిగి మోచెయ్యి పట్టుకున్నాడు. ఆమె విడిపించుకుంది. పొద్దున్న తలంటుకున్నట్టుంది, జుట్టు ఇంకా తడిగానే ఉంది.

"మా ఇటాలియన్ అంతంతమాత్రం. చదవడం వస్తుంది. వస్తూ వస్తూ గోడల మీద అంటించిన చావు కబుర్లు చదువుకుంటూ వచ్చాను. చర్చి గోడ మీద ఉన్నవి, పోస్టాఫీసు గోడ మీద ఉన్నవి. ఒకాయనకి యాభై ఒకటి. ఒకావిడకి నలభై తొమ్మిది. ఫౌస్తో గారి రెండో ఏడాది ప్రార్థన కాగితం కూడా ఉంది, యాభై నాలుగేళ్లు అని రాసుంది. ఇంతమందికి గుండెలు ఎలా ఆగాయి, ఒకే ఊళ్లో?"

బ్యాంకాయన గడియారం చూసుకోవడం మానేశాడు.

"నోటరీ గారూ, మీరు ఈ ఊరివాళ్లే. పెద్దవాళ్లు. ఈ కాగితంలో అబద్ధం లేదని మీరు కూడా సంతకం పెడతారట కదా." డోయినా గొంతు తగ్గించలేదు. "ఆవిడని నిన్న అడిగాను. ఇవాళ మిమ్మల్ని అడుగుతున్నాను. ఫౌస్తో గారు దేనితో పోయారు?"

ఫౌస్తోని ఆస్పత్రికి తీసుకెళ్లింది రవేరా గారి కారులోనే. శవపేటిక ముందు వైపు మోసింది ఆయన భుజమే. ఊళ్లో అందరికీ తెలుసు.

ఆయన కళ్లజోడు తీశారు. నిదానంగా తుడిచారు. తుడిచినదాన్నే మళ్లీ తుడిచారు. డోయినా వైపు చూడలేదు, విర్జిల్ వైపు చూడలేదు.

"అది భార్యకే బాగా తెలుస్తుందమ్మా," అని, కలం ఒర్నెల్లా ముందుకి జరిపారు.